పటంలోని గౌను

గతించినవారి మాటలను తిరిగి చెప్పేవానికి ఒక బాధ్యత ఉంటుందని లోకం అంగీకరిస్తుంది. చరిత్రకారుడు వారు అనని మాటను వారి నోట పెట్టరాదు. అనువాదకుడు మూలంలో లేని అర్థాన్ని మూలానికి అంటగట్టరాదు. కాని వారి వస్త్రాలను తిరిగి కుట్టేవారికి కూడా అట్టి బాధ్యత ఏదైనా ఉన్నదా అని అడిగితే చాలామంది నవ్వుతారు. బట్ట బట్టే గదా, అందులో సత్యాసత్యాల ప్రసక్తి ఏమున్నది అంటారు. ఐనా ఈ ప్రశ్న నవ్వి విడిచిపెట్టదగినది కాదు. ఇంగ్లండును పాలించిన మొదటి ఎలిజబెత్ కాలపు గౌనును ఆనాటి చిత్రపటాలు చూసి మళ్ళీ కుట్టాలని పూనుకొనేవారు నేడు ఎందరో ఉన్నారు. నాటకశాలల్లోను, ప్రదర్శనశాలల్లోను, తమ తమ ఇళ్ళలోను కూర్చుండి వారు నెలల తరబడి సూది పట్టి శ్రమిస్తారు. వారి పనిని దగ్గరగా పరిశీలిస్తే, అనుకరణకూ సత్యానికీ గల సంబంధమేమిటి, గతించినవారికి బ్రతికి ఉన్నవారు ఏమి ఋణపడి ఉన్నారు అనే పాత ప్రశ్నలు మళ్ళీ ఎదురవుతాయి.

ఎలిజబెత్ 1558 నుంచి 1603 వరకు రాజ్యమేలింది. ఆమె వస్త్రభాండారం ఎంతటిదో 1600లో తయారుచేసిన పట్టీ వల్ల తెలుస్తున్నది. ఐనప్పటికీ ఆమె తొడిగినదని నిస్సంశయంగా చెప్పదగిన పూర్తి గౌను ఒక్కటైనా నేటికి మిగలలేదు. ఇందులో వింత లేదు. ఆ కాలంలో పట్టుకూ జరీకీ ఉన్న వెల, వాటిని కుట్టినవారి కూలి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. పాత గౌనును విప్పి కొత్తది చేసేవారు. పరిచారికలకు బహుమతిగా ఇచ్చేవారు. ముత్యాలను ఊడదీసి మరొక గౌనుకు కుట్టేవారు. రాణి మరణించి ఏడాది తిరగకముందే, 1604 జనవరిలో, కొత్త రాజు భార్య ఆన్ తన సఖులతో కలిసి ఆడిన ఒక రూపకానికి వేషాలను ఆ భాండారం నుంచే తీయించింది. ఒకప్పుడు సభలో భయభక్తులు కలిగించిన బట్టలు అలా ఆటవేషాలైనాయి. తరువాతివారికి మిగిలినవి ముఖ్యంగా పటాలే.

ఆ పటాలు సామాన్యమైనవి కావు. 1588లో స్పెయిన్ నౌకాదళం ఓటమి చెందిన సందర్భాన్ని పురస్కరించుకొని చిత్రించిన ఆర్మడా పటంలో రాణి చేయి భూగోళంపై ఆని ఉంటుంది. నల్లని పైగౌను, బంగారు సూర్యబింబాలు కుట్టిన తెల్లని చేతులు, వరుసలు వరుసలుగా ముత్యాలు, గులాబిరంగు రిబ్బను ముడులు, మెడచుట్టూ చక్రంలా నిలిచిన లేసు కుచ్చుల రఫ్ అందులో కనిపిస్తాయి. ఈ పటం మూడు రూపాల్లో మిగిలింది. ఒకటి వోబర్న్ ఆబీలో, ఒకటి లండనులోని జాతీయ చిత్రపట ప్రదర్శనశాలలో ఉన్నాయి. మూడవదానిని 2016లో ప్రజలు ఇచ్చిన విరాళాల సాయంతో కొని గ్రీనిచ్‌లో ఉంచారు. సూక్ష్మ వివరాల్లో ఈ మూడూ ఒకదానితో ఒకటి పూర్తిగా కలియవు. సుమారు 1592లో మార్కస్ గీరర్ట్స్ చిత్రించిన డిచ్‌లీ పటంలో రాణి తెల్లని గౌనుతో, ఇంగ్లండు దేశపటంపై పాదాలు మోపి, ఒక దేవతామూర్తివలె నిలబడి ఉంటుంది. ఇట్టి పటం ఎదుట నిలిచి, ఆ గౌనును తన చేతులతో మళ్ళీ పుట్టించాలని సంకల్పించిన ఒక కుట్టుపని తెలిసిన స్త్రీని ఊహించుకొంటే, ఆమెకు ఎదురయ్యే సమస్యలు ఒక్కొక్కటిగా బోధపడతాయి.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో మంచం దృష్టాంతం చెప్పాడు. మంచం యొక్క నిజస్వరూపం ఒకటి. దానిని చూసి వడ్రంగి చేసిన మంచం రెండవది. వడ్రంగి మంచాన్ని చూసి చిత్రకారుడు గీసిన మంచం మూడవది. చిత్రం సత్యానికి రెండు మెట్లు దూరమని ఆయన తీర్పు. కాని పటాన్ని చూసి గౌను కుట్టే స్త్రీ ఆ మెట్లను వెనుకకు ఎక్కుతున్నది. చిత్రకారుని బొమ్మ నుంచి దర్జీ చేసిన వస్తువుకు తిరిగి చేరాలని ఆమె ప్రయత్నం. దిగిన మెట్లే గదా, ఎక్కలేకపోవడమేమి అనిపిస్తుంది. అక్కడే చిక్కు ఉన్నది. దిగేటప్పుడు ప్రతి మెట్టు వద్దా కొంత జారిపోయింది. బట్ట బరువు, అస్తరు, లోపలి కుట్టు, వీపు భాగం — ఇవేవీ చిత్రకారునికి అక్కరలేదు. జారిపోయినదానిని ఎక్కేటప్పుడు ఎక్కడినుంచి తేవలె?

అసలు పటం నమ్మదగిన సాక్షియేనా అన్నది మొదటి ప్రశ్న. ఆర్మడా పటం నాటికి రాణికి 55 ఏళ్ళు. పటంలోని ముఖంలో ఒక్క ముడత కనబడదు. రాజానుమతి పొందిన ముఖపు నమూనాను ఒకసారి తయారుచేసి, దానినే పదే పదే పటాల్లోకి ఎత్తి వ్రాయడం ఆనాటి పద్ధతి. అంగీకృతమైన నమూనా తయారయ్యేవరకు ఎవరూ రాణి బొమ్మ వేయరాదంటూ 1563లోనే ఒక ప్రకటన ముసాయిదా సిద్ధం చేశారు. ముఖం విషయంలో ఇంత జాగ్రత్తపడినవారు వస్త్రం విషయంలో ఉన్నదున్నట్టు వ్రాయించారని ఎట్లా అనుకోవడం? రాణిని చిన్న బొమ్మలుగా చిత్రించిన నికొలస్ హిల్యార్డ్ తన రచనలో, ఆమె నీడపడని ఆరుబయట తోటలో కూర్చోవడానికి ఇష్టపడిందని చెప్పాడు. నీడలేని చిత్రణ ఆ కాలపు ఇంగ్లండు రుచి. ముఖానికి అది మేలు చేసిందేమో గాని, బట్టకు మాత్రం ద్రోహం చేసింది. మడత ఎక్కడ లోతుగా పడిందో, బట్ట మందమెంతో నీడవల్లనే గదా తెలిసేది. ఆనాటి చాలా పటాల్లో బట్టమీది పూలనమూనా మడతలను లెక్కచేయకుండా కాగితంమీద పరచినట్టు చదునుగా సాగిపోతుంది. అది సూదికి చాలినంత సమాచారం కాదు.

చిత్రకారుడు చేసిన మార్పు ఒకటైతే, కాలం చేసిన మార్పు మరొకటి. సుమారు 1575 నాటి డార్న్‌లీ పటంలో రాణి ముఖం పాలిపోయి, గౌనుమీది అలంకారం గోధుమవన్నెలో కనిపిస్తుంది. పరిశోధకులు రంగులను పరీక్షించగా, ఆ ముఖంలో ఒకప్పుడు గులాబి జీర ఉండేదని, గౌనుమీది అలంకారం ముదురు ఎరుపని, వాటిలో వాడిన ఎరుపు రంగు వెలుగు తాకిడికి వెలిసిపోయిందని తేలింది. రాణి వెలవెలబోయిన మంచుబొమ్మ వంటిదనే లోకాభిప్రాయానికి వెలిసిన రంగు కూడా కొంత కారణమన్నమాట. ఆ పటాన్ని చూసి ఎంతో శ్రద్ధగా గోధుమవన్నె పట్టు వెదకి తెచ్చి కుట్టిన స్త్రీ, రాణి గౌనుకు కాక, నాలుగు వందల ఏళ్ళ ఎండకు ప్రతిరూపం కుట్టినదవుతుంది. కంటికి కనబడినదానిని అక్షరాలా అనుసరించడమే విధేయత అనుకొనేవారు ఈ ఉదాహరణను జ్ఞాపకం పెట్టుకోవలె. అక్షరాన్ని పట్టుకొని అర్థాన్ని విడిచిన అనువాదానికి, ఇట్టి గౌనుకు భేదం లేదు.

ఇక పటం అసలు చెప్పని విషయం వీపు. డిచ్‌లీ పటంలో రాణి ఎల్లప్పుడూ ఎదురుగానే నిలిచి ఉంటుంది. ఆమె చుట్టూ తిరిగి చూడడానికి ఎవరికీ వీలులేదు. ఎదురుభాగం కుట్టి ముగించిన స్త్రీ గౌనును వెనుకకు త్రిప్పేసరికి అక్కడ పటమూ లేదు, దారి చూపేవారూ లేరు. అప్పుడామె ఇతర సాక్ష్యాలను ఆశ్రయించవలసి వస్తుంది. హువాన్ దె అల్సెగా అనే స్పెయిన్ దర్జీ 1580లో మాద్రిద్‌లో అచ్చువేయించిన గ్రంథంలో కత్తిరింపు నమూనాలున్నాయి. 1562లో మరణించిన ఎలియొనోరా దె తొలేదో శరీరంతో పాటు ఫ్లోరెన్స్‌లో సమాధిచేసిన గౌను శిథిలావస్థలో దొరికింది. జర్మనీలో 1598లో మరణించిన ఒక రాజకుటుంబపు స్త్రీ సమాధిలో ఒంటిని బిగించే లోచట్ట దొరికింది. ఎలిజబెత్ అంత్యక్రియల నాడు, 1603లో, ఆమె ప్రతిమకు తొడిగిన అట్టి చట్టయే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మిగిలి ఉన్నది. పటం బ్రతుకును వైభవంగా చూపి లోపలిదానిని దాచింది. సమాధులు ఆ లోపలిదానిని చెప్పాయి.

ఈ సాక్ష్యాలను దారపుపోగు వరకు పరీక్షించి, ఎక్కడ ఏ కుట్టు ఎట్లా పడిందో కొలిచి గీసి, తరువాతివారి చేతుల్లో పెట్టిన విదుషి జానెట్ ఆర్నల్డ్. 1560-1620 కాలపు వస్త్రాల కత్తిరింపులను వివరించే ఆమె గ్రంథం 1985లోను, ఎలిజబెత్ వస్త్రభాండారాన్ని గురించిన బృహద్గ్రంథం 1988లోను వెలువడ్డాయి. ఆమె కొలతల్లో ఒక నీతి ఉన్నది. పాత దర్జీ అతుకు వేసిన చోట అతుకునే చూపింది. పొరపాటు చేసిన చోట పొరపాటునే గీసింది. గుడ్డ చాలక చిన్నముక్క కలిపితే ఆ ముక్కనూ విడిచిపెట్టలేదు. రాజదర్జీ అయినా బట్టను పొదుపుగా వాడుకొన్న మనిషే అన్న సంగతి ఇట్టి గీతలవల్లనే తెలిసింది. అందంగా సవరించి గీసి ఉంటే ఆ మనిషి మాయమయ్యేవాడు.

దీనివల్ల విధేయత రెండు విధాలని తేలుతున్నది. ఒకటి కంటికి విధేయత: దూరంనుంచి చూసేవానికి పటం వలె కనబడితే చాలు. రెండవది చేతికి విధేయత: ఆనాటి చేయి ఏ క్రమంలో, ఏ దారంతో, ఏ కుట్టుతో పనిచేసిందో ఆ క్రమాన్నే అనుసరించడం. నాటకాలవారు సాధారణంగా మొదటిదానితో తృప్తిపడతారు, వారిని తప్పుపట్టనక్కరలేదు. 1599లో లండను వచ్చిన థామస్ ప్లాటర్ అనే యాత్రికుడు వ్రాసినదాన్నిబట్టి, ఆనాటి ప్రభువులు తమ దుస్తులను సేవకులకు వదిలివెళ్ళేవారు. ఆ సేవకులు తమకు తగని ఆ దుస్తులను నటులకు అమ్మేవారు. రంగస్థలం మీది రాణివేషానికి ఒక్కొక్కసారి నిజమైన దొరసాని గౌనే దొరికేదన్నమాట. 1997లో థేమ్స్ ఒడ్డున తిరిగి నిర్మించి తెరిచిన గ్లోబ్ నాటకశాలలో జెన్నీ తిరమానీ, ఆమెతో పనిచేసినవారు రెండవ మార్గం పట్టారు. లోపలి అస్తరుతో సహా ఆనాటి పద్ధతిలో చేతికుట్టుతో దుస్తులు తయారుచేశారు. ప్రేక్షకునికి ఎన్నడూ కనబడని అస్తరుకు ఇంత శ్రమ ఎందుకు? చూసేవానికోసం కాదు, తెలుసుకోవడం కోసం. కొన్ని సంగతులు చదివితే తెలియవు, చూస్తే తెలియవు, చేస్తేనే తెలుస్తాయి.

చేస్తే తెలిసే మొదటి సంగతి: గౌను అన్నది ఒక వస్త్రం కాదు. లోపల నార కమీజు, దానిపై బద్దలు పొదిగిన బిగువు చట్ట, నడుము క్రింద వలయాలు కుట్టి గంటవలెనో బండిచక్రంవలెనో పావడాను ఎత్తి నిలిపే ఫార్తింగేల్, దానిపై పావడా, రొమ్ముపై కోణాకారపు పలక, విడిగా తొడిగి ముడివేసే చేతులు, పైన గౌను, చివరకు రఫ్. వీటిలో చాలావాటిని ఒకదానికొకటి కుట్టి ఉంచరు. నాడాలతో కట్టి, గుండుసూదులతో గుచ్చి ప్రతి ఉదయం కొత్తగా కూర్చుతారు, ప్రతి రాత్రి విప్పుతారు. అందుచేత దానిని ఒంటరిగా తొడుక్కొనడం సాధ్యం కాదు. తిరిగి కుట్టిన గౌనును తొలిసారి తొడిగి చూడాలనుకొన్న స్త్రీ స్నేహితురాలిని పిలవక తప్పదు. సర్వస్వతంత్రమైన అధికారానికి చిహ్నంగా పటంలో నిలిచిన ఆ మూర్తి, ప్రతి ఉదయం ఇతరుల చేతులు లేనిదే నిలబడజాలనిదని అప్పుడు బోధపడుతుంది. పటంలో ఉన్నది ఒక్క స్త్రీయే. గౌనులో మాత్రం ఎందరో ఉన్నారు.

వారిలో కొందరి పేర్లు లెక్కల పుస్తకాల పుణ్యమా అని మిగిలాయి. 1582 వరకు రాణికి దర్జీ వాల్టర్ ఫిష్. అతని తరువాత విలియం జోన్స్. పట్టుదారపు పనులు సరఫరా చేసిన స్త్రీ ఆలిస్ మాంటగ్యూ. రఫ్‌కు గంజిపెట్టే విద్యను డింగెన్ వాన్ డెర్ ప్లాస్ అనే ఫ్లాండర్స్ స్త్రీ 1564లో లండనుకు తెచ్చి, రుసుము పుచ్చుకొని నేర్పింది. గంజి సంగతి తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. గంజి పలుచనైతే బట్ట నిలవదు, చిక్కనైతే అట్టకడుతుంది. మంచుతెరల వంటి నారబట్టకు ఆ పదును పట్టించి, ఇనుపకడ్డీ వేడిచేసి ఒక్కొక్క కుచ్చును గుండ్రంగా తీర్చి నిలపడం సామాన్యమైన పని కాదు. వానచినుకు పడితే అంతా మొదటికి వస్తుంది. ఫిలిప్ స్టబ్స్ అనే నీతివాది 1583లో అచ్చైన గ్రంథంలో ఈ గంజిని సైతాను ద్రవమని తిట్టిపోశాడు. సైతానుకు అందులో వాటా ఉన్నదో లేదో గాని, చాకలి స్త్రీల చెమటకు మాత్రం తప్పక వాటా ఉన్నది. వారి పేర్లు ఎవరూ వ్రాయలేదు. పూలు కుట్టినవారి, ముత్యాలకు రంధ్రాలు చేసినవారి, గుండుసూదులు అరగదీసినవారి పేర్లు కూడా లేవు. చిత్రకారుడు వారి శ్రమనంతా రాణి తేజస్సుగా మార్చివేశాడు. దానిని తిరిగి శ్రమగా మార్చి చూపడమే మళ్ళీ కుట్టే స్త్రీ చేయగల మేలు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. ఇట్టి గౌను అధికారపు వస్త్రం గదా, దానిని మళ్ళీ కుట్టడమంటే ఆ అధికారానికి మళ్ళీ నమస్కరించడమే గదా అని కొందరంటారు. ఈ మాటలో బలమున్నది. 1574లో వెలువడిన రాజప్రకటన ఏ అంతస్తువారు ఏ బట్ట తొడగవచ్చునో నిర్ణయించింది. బంగారు జరీబట్ట, ఊదారంగు పట్టు, సేబుల్ జంతువు ఉన్ని వంటివి అత్యున్నత వంశాలవారికే చెల్లుతాయన్నది. ఈ శాసనాలు 1604లో గాని రద్దుకాలేదు. అంటే బట్ట కేవలం బట్ట కాదు. మనిషికి మనిషికి మధ్య కట్టిన గోడ. ఆనాటి మేలైన ఎరుపు కోచినీల్ అనే పురుగునుంచి వచ్చేది. ఆ పురుగు స్పెయిన్ ఏలుబడిలోని మెక్సికోలో అక్కడి జనుల శ్రమతో పెరిగేది. ఫార్తింగేల్ సైతం స్పెయిన్ నుంచే వచ్చిన వేషం. స్పెయిన్‌పై విజయాన్ని చాటే పటంలోని రాణి ఆకృతిని నిలబెట్టినది శత్రుదేశం నేర్పిన వేషమే. పటంలో ఆమె చేయి ఆనిన భూగోళం కూడా ఉత్త అలంకారం కాదు. 1600 డిసెంబరు 31న ఆమె ఒక వర్తకసంఘానికి తూర్పుదేశాల వ్యాపారానికి అనుమతిపత్రం ఇచ్చింది. ఆమె మరణించిన తరువాత, 1611లో, ఆ సంఘంవారు మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పి కోరమండల తీరపు అద్దకపు బట్టలు కొన్నారు. ఆ తరువాతి కథ ఈ దేశంవారికి తెలిసినదే.

ఇన్ని సంగతులు తెలిసినవారు ఆ గౌనును ముట్టుకోరాదా? అట్లా అనడం సరికాదు. ముట్టుకోకుండా దూరంనుంచి చూసేవానిపైననే పటం తన మాయను పూర్తిగా ప్రయోగిస్తుంది. సూదితో లోపలికి ప్రవేశించినవారికి వైభవం విడివిడి పనులుగా, విడివిడి ధరలుగా, విడివిడి చేతులుగా కనిపిస్తుంది. ఒకనాడు శాసనం నిషేధించిన గౌనును ఒక సామాన్యస్త్రీ తన చేతులతో కుట్టి తొడగడంలో ఒక చిన్న న్యాయం కూడా ఉన్నది. కాని అందుకు ఒక షరతు ఉన్నది. కుట్టి ముగిసిన తరువాత ఆమె రాణిగా మెరవడం మాత్రమే కోరితే పాత గోడకు కొత్తసున్నం వేసినట్టే అవుతుంది. ఎవరి శ్రమ ఇదంతా అని చూసేవారిచేత అడిగించగలిగితేనే గోడలో ఒక కిటికీ తెరచినట్టు. ఐతే ఆమె మరొకటి కూడా మరువరాదు. దీపంవెలుగులో కూలికి కళ్ళు పాడుచేసుకొన్న కుట్టుపనివాని శ్రమకూ, ఇష్టపడి తీరికవేళ కూర్చున్న తన శ్రమకూ చాలా అంతరమున్నది. ఆమెకు అలసట వస్తే పని ఆపవచ్చు. ఆ వెసులుబాటు లేకపోవడం ఎట్టిదో ఎంత కుట్టినా తెలియదు.

విధేయతకు హద్దు ఎక్కడ అన్నది తరువాతి ప్రశ్న. పదహారవ శతాబ్ది చివరినాళ్ళలో బిగువు చట్టలకు తిమింగిలపు పలకలు వాడసాగారు. ఎముక అని పేరేగాని, అది తిమింగిలం నోటిలో జల్లెడవలె పనిచేసే భాగం. వంగుతుంది, విరగదు, ఒంటి వేడికి కొద్దిగా ఒదుగుతుంది, దానికి సరియైన బదులు దొరకడం కష్టం. ఐనా దానికోసం తిమింగిలాన్ని చంపడం నేడు ఎవరికీ తగదు. వ్యాపారార్థం తిమింగిలాల వేట సాగరాదని అంతర్జాతీయ సంఘం చేసిన నిర్ణయం 1986లో అమలులోకి వచ్చింది. అట్లాగే ఆ కాలపు స్త్రీలు ముఖానికి పూసుకొన్న తెల్లపూత సీసంతో చేసినది, విషం. పటంలోని పాలవన్నె కావాలని దానిని పూసుకొనడం విధేయత అనిపించుకోదు, మూఢత్వమే అవుతుంది. గతించినవారికి ఋణపడి ఉండడమంటే వారి తప్పులను కూడా మళ్ళీ చేయడం కాదు. కనుక కుట్టే స్త్రీ తిమింగిలపు పలకకు బదులు రెల్లుకట్టలో ప్లాస్టిక్ బద్దలో వాడుతుంది, సీసపుపూత విడిచిపెడుతుంది. ఇందులో దోషం లేదు. దోషమల్లా ఒక్కటే: వాడిన బదులును దాచి, ఇదే అసలైనదని నమ్మించడం.

ఈ మాట మొత్తం సమస్యకు తాళంచెవి వంటిది. మన ఆలంకారికుల్లో శ్రీశంకుకుడు నటుని విషయంలో చిత్రతురగ న్యాయం చెప్పాడు. గోడమీది గుర్రపు బొమ్మను చూసి 'ఇది గుర్రం' అంటాము. అది యథార్థజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సందేహం కాదు, కేవలం పోలికా కాదు. వీటన్నిటికంటె వేరైన ఒక ప్రతీతి. రాముని వేషం కట్టిన నటుని చూసినప్పుడు కలిగేది కూడా అట్టిదేనని ఆయన వాదం. ఆ తరువాత అభినవగుప్తుడు ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు. ఆ చర్చ ఎట్లా ఉన్నా, తిరిగి కుట్టిన గౌను విషయంలో శంకుకుని దృష్టాంతం బాగా పనికివస్తుంది. చూసేవారు 'ఇది ఎలిజబెత్ గౌను' అంటారు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. గోడమీదిది బొమ్మ అని అందరికీ తెలిసి ఉన్నంతవరకే ఆ ప్రతీతి నిర్దోషం. బొమ్మను నిజమైన గుర్రమని అమ్మజూపిన క్షణంలో కళ అంతరించి మోసం మొదలవుతుంది. కళకూ మోసానికీ మధ్య ఉన్నది పోలికలోని తారతమ్యం కాదు, చేసినవాని చిత్తశుద్ధి.

తొడిగినప్పుడు కలిగే అనుభవం గురించి కూడా ఈ చిత్తశుద్ధి అవసరం. ఆ గౌను తొడిగినవారు వంగలేరు, వాలి కూర్చోలేరు. చేతులు పూర్తిగా పైకెత్తడం కష్టం. రఫ్ అడ్డువచ్చి తన పాదాలు తనకే కనబడవు. పటంలోని రాజసమైన నిలుకడలో కొంత స్వభావానిదైతే కొంత బద్దలదీ వలయాలదీ అని అప్పుడు అర్థమవుతుంది. ఇది నిజమైన జ్ఞానమే. కాని అక్కడినుంచి ఒక్క అడుగు ముందుకు వేసి, 'ఇప్పుడు నాకు ఎలిజబెత్ మనసు తెలిసింది' అనేవారు లేకపోలేదు. చిన్నతనంనుంచి ఆ దుస్తుల్లో పెరిగి, రెండేళ్ళు నిండి మూడు నిండకముందే తల్లి శిరచ్ఛేదమై, తాను యౌవనంలో కారాగారం చూసి సింహాసనమెక్కిన స్త్రీ మనసు, ఒక సాయంత్రం ఆమె గౌను వంటిది తొడిగినంత మాత్రాన తెలుస్తుందా? ఒంటి ఇరుకును కొంతవరకు పంచుకోవచ్చు గాని భయాన్ని పంచుకోలేము. సాయంత్రం నాడాలు విప్పుకొని హాయిగా ఊపిరి పీల్చుకొన్నప్పుడే, తొడిగినవారికీ రాణికీ మధ్య ఉన్న దూరం స్పష్టమవుతుంది. ఆ దూరాన్ని గౌరవించడం కూడా గతించినవారికి చెల్లించవలసిన ఋణంలో ఒక భాగం.

ఇంగ్లండులోని హెరిఫర్డ్ ప్రాంతంలో బాక్టన్ అనే చిన్న గ్రామం ఉన్నది. రాణికి జీవితమంతా సేవచేసి 1590లో మరణించిన బ్లాంచ్ పారీ ఆ గ్రామపు స్త్రీ. అక్కడి చర్చిలో వేదికపై పరిచే ఒక పాతగుడ్డ ఉండేది. 1909నుంచి దానిని చట్రంలో బిగించి గోడకు వ్రేలాడదీశారు. వెండిజరీ నేసిన ఆ పట్టుగుడ్డపై గులాబీలు మొదలైన పూలు కుట్టి ఉన్నాయి. వాటిమధ్య చిన్న చిన్న జంతువులు, పురుగులు, పడవ నడిపే మనుషులు కనిపిస్తారు. రాజప్రాసాదాల దుస్తుల సంరక్షకురాలు ఎలెరి లిన్ ఆ గుడ్డలో కత్తిరింపుల జాడలు గమనించి, అది ఒకప్పుడు ఎలిజబెత్ ధరించిన పావడాలో భాగమై ఉండవచ్చునని వాదించింది. 2019లో హాంప్టన్ కోర్టులో దానిని, అటువంటి పూలే కుట్టిన చోళీతో రాణి కనబడే రెయిన్‌బో పటం ప్రక్కన ప్రదర్శించారు. రాణి స్వయంగా తొడిగినదనడానికి పూర్తి నిదర్శనం లేదని ఆ పండితులే ఒప్పుకొన్నారు. ఆ గుడ్డ గౌరవం దానివల్ల తగ్గలేదు, పెరిగింది.

బాక్టన్ గుడ్డ మరొక సంగతి కూడా చెబుతుంది. నేర్పరియైన వృత్తికారుడు కుట్టిన పూలమధ్య, అంత నేర్పులేని చేతులు తరువాత చిన్న జీవులను కుట్టాయని పరిశీలించినవారు గుర్తించారు. పావడా వేదికవస్త్రమైంది; వేదికవస్త్రం గోడపటమైంది; గోడపటం సాక్ష్యమైంది. ప్రతి దశలోనూ ఎవరో ఒకరు తమ అవసరంకొద్దీ దానిని కత్తిరించారు, కలిపారు, కుట్టారు. గతం అక్షతంగా నిలిచి ఉన్న రాయి కాదు. చేతులు మారుతూ అతుకులు పడుతూ వచ్చే బట్ట. నేడు పటం చూసి గౌను కుట్టే స్త్రీ ఆ వరుసలో మరొక చేయి మాత్రమే. తానే మొదటి చేయినని ఆమె అనుకోరాదు. చివరి చేయినని కూడా అనుకోరాదు.

కనుక ఆమె పాటించవలసిన ధర్మం పెద్దదేమీ కాదు, కాని కఠినమైనది. తెలిసిన చోట తెలిసినదాని ప్రకారం కుట్టవలె. తెలియని చోట చేయి ఆపి కూర్చోనక్కరలేదు. ఆలోచించి, పోల్చి చూసి, ఊహించి కుట్టవచ్చు. కాని ఇది ఊహ అని అడిగినవారికి చెప్పవలె, అడగనివారికి కూడా చెప్పవలె. ముందుభాగం పటాన్నిబట్టి, వీపు సమాధిలోని మరొక గౌనునుబట్టి, బద్దలు ఈ కాలపు ప్లాస్టిక్‌తో, ఎరుపు ఈ కాలపు రంగుతో అని అస్తరులో ఒక చిన్నచీటీ కుట్టిపెట్టినా చాలు. ఆ చీటీ గౌను అందాన్ని ఏమీ తగ్గించదు. రేపు ఎవరైనా ఆ గౌనును విప్పి చూసినప్పుడు, ఒకనాడు జానెట్ ఆర్నల్డ్‌కు పాత దర్జీల అతుకులు కనబడినట్టే, వారికి ఆ చీటీ కనబడుతుంది. కుట్టిన చేయి నిజం చెప్పిందని వారికి తెలుస్తుంది.